పెట్టె ఎరుగని మనిషి

మాణిక్యాంబగారు ఇల్లు అమ్మి వెళ్ళిపోయి నెల కావస్తున్నా, ఆవిడ ఇంకా ఆ ఇంట్లోనే కాపురం ఉంటున్నారని పెట్టె చెబుతోంది.

మొదట్లో సుభాషిణి నవ్వుకుంది. రిజిస్ట్రేషన్ అయిపోయింది, పాలు పొంగించారు, దేవుడి గూటికి పసుపు రాశారు. మిగిలింది కరెంటు, నీళ్ళు, గ్యాసు బిల్లులు తన పేరు మీదికి మార్చుకోవడం ఒక్కటే. అదేం పెద్ద పని, కుర్చీలో కూర్చుని ఫోన్లో నాలుగు మీటలు నొక్కితే అయిపోతుందనుకుంది. నొక్కింది. ఫోను కాసేపు ఆలోచించి, "ఈ ఇంటి నివాసులు: మాణిక్యాంబ, చక్రధర్. మీ ఆనవాలు దొరకలేదు" అని చూపించి ఊరుకుంది.

చక్రధర్ సుభాషిణి భర్త. కాకినాడ రేవులో ఎగుమతుల కంపెనీలో పనిచేస్తాడు. ఇంట్లో దిగిన మొదటి వారంలోనే పెట్టె అతన్ని గుర్తుపట్టేసింది.

"చూశారా! సర్కారు లెక్క ప్రకారం ఈ ఇంట్లో మీరూ, ఆ డెబ్భై ఏళ్ళావిడా కాపురం ఉంటున్నారు. నేనేమో లేనేలేను" అంది సుభాషిణి.

"మంచి సంబంధమే. ఆవిడ వంట ఎలా చేస్తుందో కనుక్కో" అన్నాడతను పేపరులోంచి తల ఎత్తకుండా.

ఆ పూటకి అది హాస్యంగానే గడిచింది.

పెట్టె అంటే వీధి గుమ్మం పక్కన గోడలో బిగించిన బూడిదరంగు డబ్బా. నీళ్ళ గొట్టం, కరెంటు తీగ, గ్యాసు గొట్టం మూడూ దాని గుండానే ఇంట్లోకి వస్తాయి. దొంగ కాగితాలతో ఊళ్ళో ఇళ్ళు చేతులు మారిపోతున్న రోజుల్లో వచ్చిందది. కాగితం అబద్ధం చెప్పవచ్చు, సంతకం అబద్ధం చెప్పవచ్చు. మనిషి కుళాయి తిప్పే తీరు, మంట తగ్గించే తీరు, మిక్సీని ఆపి ఆపి తిప్పే తీరు మాత్రం అబద్ధం చెప్పవట. గొట్టంలో అదురు, తీగలో అదురు విని ఇంట్లో ఉన్నదెవరో పెట్టె పోల్చుకుంటుంది. అది పోల్చుకున్నవాళ్ళ పేరు మీదే బిల్లులు. వాళ్ళు ఇదివరకున్న అద్దె ఇంట్లోనూ ఒకటి ఉండేది గాని అది పాత రకం. దాని సంగతులన్నీ ఇల్లుగలవాళ్ళే చూసుకునేవారు.

ఫోనుతో పని కాక సుభాషిణి ఉమ్మడి సేవల కార్యాలయానికి వెళ్ళింది. రిజిస్ట్రేషను పత్రాలు, ఆధార్, ఇంటి ముందు నిలబడి తీయించుకున్న ఫొటో, అన్నీ సంచిలో పెట్టుకుని వెళ్ళింది. చివరి కిటికీ దగ్గరి గుమాస్తా అవేమీ తాకనైనా తాకలేదు.

"కాయితాలు వద్దండి మేడంగారూ. కాయితాలతో పనయ్యే రోజులు పోయాయండి. ఇల్లు మీదే, నేను కాదన్లేదు. కానీ మీరు అందులో ఉండట్లేదు కదండీ."

"ఉండకపోవడమేమిటి? పొద్దున్నే ఇల్లు ఊడ్చి, వండి, గిన్నెలు తోమి వచ్చాను."

గుమాస్తా తెర ఆమెవైపు తిప్పాడు. "ఇదిగోండి, పొద్దున్న. బియ్యం కడిగింది మాణిక్యాంబగారు. గిన్నెలు తోమింది మాణిక్యాంబగారు. స్నానం, ఇది సారుదండి, సారు ఆనవాలు భలే గట్టిదండి, ఆయ్. మీరెక్కడున్నారు చెప్పండి?"

"మీ పెట్టె చెడిపోయిందేమో."

"చెడదండి. దొంగ దూరినా పట్టేస్తదండి. కొత్త మనిషి కుళాయి ముట్టుకుంటే చాలు, ఇంట్లో ఉన్నోళ్ళకి కబురెళ్ళిపోద్ది. ఆవిడ కొత్త మనిషి కాదు గాబట్టి మీకు కబురు రాలేదు." అతను గొంతు తగ్గించాడు. "ఎందుకైనా మంచిది, తాళం మార్పించారా?"

ఆ మాట దగ్గర సుభాషిణి నవ్వు ఆగిపోయింది.

వెళ్ళబోతుంటే అతనే మళ్ళీ పిలిచి ఇంకో సంగతి చెప్పాడు. నెలాఖరు లోపల ఆమె ఆనవాలు దొరక్కపోతే, ఇంట్లో గట్టి ఆనవాలు ఎవరిదో వాళ్ళే ఇంటి మనిషిగా స్థిరపడిపోతారు. ఆమె పేరు ఎదురుగా పత్రాల్లో "నివాసం సందేహాస్పదం" అని పడుతుంది. ఒకసారి పడితే తీయించడం ఎవరి వల్లా కాదు.

"సారు పేరు పడిపోద్ది లెండి. మీ ఆయనే కదండీ" అన్నాడు ఓదార్పుగా.

ఆ ఇల్లు సుభాషిణికి వాళ్ళమ్మ ఇచ్చిన పొలం అమ్మి కొన్నది. పెళ్ళయిన పాతికేళ్ళలో ఆమె పేరు మీద రేషను కార్డులో రెండో వరుస తప్ప మరేదీ లేదు. తలుపు పక్కన పలక మీద తన పేరు చెక్కించి నెల కూడా కాలేదు.

*

ఆ రోజునుంచి ఆమె ఇంటిని వేరే కళ్ళతో చూడడం మొదలుపెట్టింది.

చూసేకొద్దీ అనుమానాలు పుట్టుకొచ్చాయి. తెల్లవారి తాను లేచేసరికే స్నానాల గదిలో నీళ్ళు వేడిగా ఉండేవి. గీజరు స్విచ్చి ఎవరు వేశారు? చక్రధర్‌ని అడిగితే "నువ్వు వేశావనుకున్నా" అన్నాడు. మధ్యాహ్నం ఒక కునుకు తీసి లేచేసరికి మేడమీద ట్యాంకు నిండుగా ఉండేది. మోటారు ఎవరు వేశారు? ఇన్నాళ్ళూ పని కలిసివచ్చిందిలే అనుకుని, వేడి నీళ్ళున్నాయి గనక అప్పుడే స్నానం చేసి, నీళ్ళున్నాయి గనక అప్పుడే బట్టలు ఉతుక్కుంటూ వచ్చింది. ఇప్పుడు అవే నీళ్ళు ఒంటి మీద పోసుకుంటుంటే, ఎవరో తనకంటే ముందు ఆ గదిలో తిరిగి వెళ్ళినట్టు ఒళ్ళు జలదరించింది.

తాళాలు మార్పించింది. పెట్టె మాట మారలేదు. పెరటి తలుపు గడప దగ్గర, మేడమెట్ల మొదట్లో ముగ్గుపిండి పల్చగా జల్లి, సంచి పుచ్చుకుని బజారుకని బయలుదేరి, సందు చివరిదాకా వెళ్ళి గబగబా వెనక్కి వచ్చింది. పిండి మీద పిల్లి అడుగు కూడా లేదు. ఫోను తీసి చూసింది. ఆమె లేని కాసేపూ ఇంట్లో ఎవరూ లేరనే ఉంది. హమ్మయ్య అనుకుని వంటింట్లోకి వెళ్ళి, చేతులు కడుక్కుని, మళ్ళీ ఫోను చూసింది.

"మాణిక్యాంబ. వంటిల్లు. ఇప్పుడే."

సుభాషిణి చటుక్కున వెనక్కి తిరిగింది. వంటింట్లో ఎవరూ లేరు. తువాలు కొక్కేనికి వేలాడుతోంది. కుళాయి కొసన ఒక్క చుక్క వేలాడి, రాలింది.

సాయంత్రం ఇదంతా చెబితే చక్రధర్ చెప్పులు విప్పుతూనే తేల్చేశాడు.

"ఎందుకొచ్చిన తలనొప్పి సుభా? నా పేరు మీద పెట్టేస్తే ఈ క్షణాన అయిపోతుంది కదా."

"ఇల్లు నా పేరున ఉంటే బిల్లులు మీ పేరునా?"

"బిల్లులేగా. నీ ఇల్లు నేనేం ఎత్తుకుపోతానా?"

అతను మామూలుగానే అన్నాడు. కాని ఆ మాట అనడానికి అతనికి రెప్పపాటు కూడా పట్టలేదని ఆమె గమనించింది. ఇల్లు చూపించిన బ్రోకరు అతని స్నేహితుడే. మాణిక్యాంబగారితో బేరమాడింది అతనే. పెట్టెకి ఈ మెలిక ఉందని వాళ్ళిద్దరికీ ముందే తెలియదని నమ్మకమేమిటి? పాతికేళ్ళుగా పక్కన పడుకుంటున్న మనిషి గురించి ఇలా ఆలోచించినందుకు ఆమెకు సిగ్గేసింది. సిగ్గేసినా ఆలోచన మాత్రం ఆగలేదు.

*

మాణిక్యాంబగారు సామర్లకోటలో కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్లో తన స్నేహితురాలితో కలిసి ఉంటున్నారు. సుభాషిణి ముందుగా చెప్పకుండానే వెళ్ళింది. చెబితే దాచవలసింది దాచేస్తారని ఆమె ఉద్దేశం.

తలుపు తీసినావిడ పొట్టిగా, చలాకీగా ఉన్నారు. చేతిలో పేకముక్కలున్నాయి.

"నువ్వా అమ్మాయ్! రా రా. మంచి సమయానికొచ్చావ్, ఓడిపోతున్నా." ముక్కలు బోర్లించి పక్కన పడేశారు. "ఇల్లెలా ఉంది?"

"మీరు వస్తూ పోతూనే ఉన్నారు గదా పిన్నిగారూ, మీకు తెలియంది ఏముంది?" అంది సుభాషిణి ఆవిడ మొహంలోకి చూస్తూ.

ఆవిడ మొహం తెల్లబోయింది. సంగతంతా విన్నాక పకపకా నవ్వారు. "ఓసి నీ దుంప తెగ! ఈ మోకాళ్ళతో నేను గోడలు దూకి వచ్చి నీ గిన్నెలు తోమి పోతున్నానా? ఎంత అదృష్టవంతురాలివే!"

"మరి తెల్లవారుజామున గీజరు ఎవరు వేస్తున్నారు?"

"పెట్టే. ఈ కొత్తరకంవి మన అలవాట్లు పట్టేసి అన్నీ అవే సిద్ధం చేస్తాయి. నాకు తెల్లారకముందే స్నానం. మధ్యాహ్నం నేను మందుబిళ్ళ వేసుకుని పడుకునే వేళకి మోటారు. అది ఇంకా నా కోసమే చేస్తోందన్నమాట పాపం." ఆవిడ గొంతులో కొంచెం జాలి ధ్వనించింది. "నువ్వు మానిపించలేదా?"

మానిపించవచ్చని సుభాషిణికి తట్టనేలేదు.

"అక్కడ సింకు కుళాయి సగానికి మించి తిప్పకమ్మా" అన్నారావిడ, ఏదో గుర్తొచ్చినట్టు. "పూర్తిగా తిప్పితే గోడలో గొట్టం దడదడలాడుతుంది."

"తెలుసు. సగమే తిప్పుతాను."

"పెద్ద పొయ్యి ఎడంచేత్తో వెలిగించాలి. కుడి పక్కన అలమార తలుపు అడ్డం."

"ఎడంచేత్తోనే."

"గిన్నెలు తోమాక నీళ్ళు రెండు విడతలుగా పోస్తాను నేను. ఆ సింకు తూము ఒకేసారి తాగదు."

"నేనూ అంతే." సుభాషిణి గొంతు ఆమెకే చిన్నగా వినబడింది.

ఆవిడ పక్కన పడేసిన పేకముక్కల్ని చేతిలోకి తీసుకుని సర్దారు.

"ముప్ఫై ఏళ్ళు పట్టింది నాకు ఆ వంటిల్లు అలవడ్డానికి" అన్నారు మాణిక్యాంబగారు నెమ్మదిగా. "నువ్వు నెలకే పట్టేశావ్." అది మెచ్చుకోలో కాదో ఆవిడకే తెలిసినట్టు లేదు.

*

పెట్టెలు తయారుచేసిన ఆనవాలు కేంద్రం తిరిగివచ్చే దారిలోనే ఉంటే, సుభాషిణి తిన్నగా అక్కడికి వెళ్ళింది. అక్కడి ప్రధాన శాస్త్రజ్ఞురాలు యామిని నలభై దాటని మనిషి. ముందు వినడానికే ఒప్పుకోలేదు. తమ పరికరం ఒకరిని చూసి ఇంకొకరనుకోవడం ఇంతవరకు జరగలేదంది. సుభాషిణి మాత్రం కుర్చీలోంచి లేవలేదు. ఆఖరికి యామినే లేచింది.

"సరే, రండి. చూపిస్తాను. చూస్తే మీకే నమ్మకం కుదురుతుంది."

పరీక్ష గది అచ్చంగా ఒక వంటిల్లు. పొయ్యి, సింకు, మిక్సీ, అలమారలో పప్పులూ చక్కెరా అన్నీ ఉన్నాయి. గోడకు పెట్టె ఉంది. పెట్టె ఏం అనుకుంటోందో కనబడడానికి పక్కన ఒక తెర ఉంది. యామిని మర్యాదకి తానే టీ పెట్టింది. గిన్నె తొలిచింది, బోర్లించింది, మళ్ళీ తీసి తొలిచింది. మంట ముందు సన్నగా పెట్టి తరువాత పెంచింది. తెర మీద ఆమె పేరు పడింది. ఇద్దరూ తాగారు.

"ఇప్పుడు మీరు. మీకు ఏది తోస్తే అది చేయండి. నేను పక్క గదిలో ఉంటాను."

సుభాషిణి ఉప్మా కలిపింది. పరాయి వంటింట్లో వస్తువులు పాడుచేయకూడదని జాగ్రత్తగా, ఉన్నవి ఉన్నచోట పెడుతూ చేసింది. పళ్ళెంలో పెట్టి వెనక్కి తిరిగి చూసేసరికి యామిని గుమ్మంలో నిలబడి ఉంది. మొహంలో రక్తం లేదు.

"ఎవరు పంపారు మిమ్మల్ని?"

"ఎవరు పంపడమేమిటమ్మా?"

"ఇది ఎవరి దగ్గర నేర్చుకున్నారు? నిజం చెప్పండి. పోలీసుల దాకా వెళ్ళే విషయం ఇది." ఆమె తెర చూపించింది. ఉప్మా కలిపినంతసేపూ తెర మీద యామిని పేరే ఉంది. "పదకొండేళ్ళు పెట్టి తయారుచేశాం దీన్ని. మనిషి నడవడిని ఇంకొకరు వేసుకోలేరని లక్షల ఇళ్ళకి మాట ఇచ్చాం. మీరు టీ తాగినంత సేపట్లో నన్ను వేసేసుకున్నారు."

"నేనేం వేసుకోలేదు" అంది సుభాషిణి బెదిరిపోయి. "మీరు గిన్నె రెండుసార్లు తొలిచారు. ఇక్కడ అలా చేస్తారేమో అనుకున్నాను. మంట ముందు సన్నగా పెట్టారు. పొయ్యి అలాంటిదేమో అనుకున్నాను. ఎక్కడికి వెళ్తే అక్కడి పద్ధతి చూసి సర్దుకోవడమేగా. ఎవరైనా అంతే కదా?"

యామిని, అనుమానం ఇంకా పూర్తిగా తీరని కళ్ళతో బల్ల దగ్గర కూర్చుని, సుభాషిణి పాత అద్దె ఇంటి వివరాలు అడిగి, ఏదో వెతికింది. చాలాసేపు చూసి, తల ఎత్తకుండా అడిగింది.

"ఆ ఇంట్లో మీతో ఇంకెవరుండేవారు?"

"మా అత్తగారు. పోయి నాలుగేళ్ళయింది."

"పెట్టె ప్రకారం మొన్న మీరు ఇల్లు ఖాళీ చేసేదాకా ఆవిడ ఆ వంటింట్లో ఉన్నారు. మీరు ఎప్పుడూ లేరు."

సుభాషిణి బల్ల అంచు పట్టుకుంది. అత్తగారికి గ్యాసు కట్టేశాక మీట మరోసారి తిప్పి చూసే అలవాటు. కంది పప్పు మూడు నీళ్ళు కడిగే అలవాటు. కొత్త కోడలిగా ఆవిడ వెనక నిలబడి అన్నీ చూసి నేర్చుకుంది. ఆవిడ మెచ్చుకుంటే పొంగిపోయింది. ఆవిడ పోయాక కూడా ఆ మీట మరోసారి తిప్పుతూనే ఉంది. మరి ఆ నాలుగేళ్ళూ చక్రధర్ ఎవరి చేతి అన్నం తిన్నట్టు?

"మా అమ్మ కూడా ఇంతే" అంది యామిని. "మొట్టమొదటి పెట్టెని మా ఇంట్లోనే బిగించి చూశాం. నాన్న దొరికాడు, తమ్ముడు దొరికాడు, నేను దొరికాను. అమ్మ దొరకలేదు. పరికరంలో లోపమనుకున్నాం. ఇంకా చాలా ఇళ్ళలో అలా జరిగింది. అన్నిట్లోనూ ఆడవాళ్ళే. సొంత ఆకారం లేని అదురుని రొద కింద లెక్కగట్టి, వినొద్దని పెట్టెకి నేర్పాం. ఆ తరువాత అది చాలా బాగా పనిచేసింది."

"మీ అమ్మగారికి చెప్పారా?"

యామిని తల అడ్డంగా ఊపింది.

"సరే, నా పేరు మీ చేత్తో ఎక్కించండి. తప్పు మీదేనని ఒప్పుకుంటున్నారుగా."

"చేత్తో ఎక్కించే దారి మూసేశాం. మోసం జరక్కూడదని. ఆ దారి మూయించింది నేనే." ఆమె సుభాషిణి చేసిన ఉప్మా పళ్ళెం వైపు చూసింది, తాకలేదు. "ఒక్కరోజు ఎవరికీ, దేనికీ సర్దుకోకుండా ఉండి చూడండి. అప్పుడు అది మిమ్మల్ని వినాలి."

"ఎలా ఉండాలి?"

"అదే నాకూ తెలియదండీ."

*

నెలాఖరు ముంచుకొచ్చింది. చక్రధర్ రేవుకి వెళ్ళాక సుభాషిణి వంటింట్లో కుళాయి ముందు నిలబడింది.

చెయ్యి దానంతట అదే కుళాయిని సగం దాకా తిప్పి ఆగింది. ఇది మాణిక్యాంబగారు, అనుకుని కట్టేసింది. పొయ్యి ముట్టించి ఆర్పితే వేళ్ళు మీటని మళ్ళీ తడిమాయి. ఇది అత్తగారు. పళ్ళెం తుడిచి వెలుగుకి పెట్టి చూసింది. ఇది అమ్మ. గిన్నె తొలిచి బోర్లించి మళ్ళీ తీయబోయి ఉలిక్కిపడింది. ఆ శాస్త్రజ్ఞురాలు కూడా అప్పుడే వచ్చి చేరింది. ఒక్కొక్కరినే పక్కకి నెట్టుకుంటూ పోతే చివరికి ఎవరూ మిగలరేమోనని ఆమెకు నిజంగా భయం వేసింది. తన చేతుల్ని తనే అనుమానంగా చూసుకుంది.

ఏమీ చేయడం మానేసింది. గీజరు వేడిచేసి పెట్టిన నీళ్ళు చల్లారిపోయాయి. ట్యాంకు నిండింది, ఆమె బట్టలు నానబెట్టలేదు. వంట వేళ దాటిపోయింది. పెరటి మెట్టు మీద కూర్చుని కాళ్ళు చాపుకుంది. ఎండ పాదాల మీదికి వచ్చింది. ఆకలేసింది.

ఏం తినాలని ఉందో తనని తాను అడుక్కోవడానికి కొంచెం సిగ్గుపడింది. జవాబు రావడానికి చాలాసేపు పట్టింది. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు. ఉప్పు బాగా దట్టించినవి. ఇంట్లో ఎవరికీ పడవు. ఆ వాసన పచ్చిగా ఉంటుందని చక్రధర్ అంటాడు, గొంతు పట్టేస్తాయని అత్తగారు అనేవారు. మట్టి కాయలు సంతలో కనబడితే ఎందుకో కొని తెచ్చి, గోనెసంచిలోనే ఉంచేసింది.

గిన్నెలో కుమ్మరించి కుళాయి కింద పెట్టింది. మట్టి వదలాలంటే ధార గట్టిగా ఉండాలి. కుళాయి పూర్తిగా తిప్పింది. గోడలో గొట్టం దడదడలాడింది. అలమారలో గ్లాసులు గలగలమన్నాయి. చెయ్యి కట్టేయబోయింది. ఆమె కట్టనివ్వలేదు. ఆడనీ అనుకుంది. గిన్నె నిండి పొంగి పొర్లుతుంటే అరచేతులు ధార కింద పెట్టి, కాయల్ని ముందుకీ వెనక్కీ దొర్లిస్తూ, చిన్నప్పుడు కాలవ రేవులో కాళ్ళతో నీళ్ళు చిమ్మినట్టు చిమ్మింది. చీర తడిసింది. తూము తాగలేక గుడగుడలాడింది. మంట చివరిదాకా పెంచి గిన్నె ఎక్కించి, మూత కూడా పెట్టకుండా వదిలేసి వెళ్ళి, మిట్టమధ్యాహ్నం చన్నీళ్ళతో తలంటుకుంది. ఎంతసేపు పోసుకుందో ఆమెకే తెలియదు. ఇల్లంతా దడదడలాడుతూనే ఉంది.

బయటికి వచ్చి జుట్టు విరబోసుకుని, నేల మీద కూర్చుని ఉడికిన కాయలు ఒలుచుకు తింటుంటే వీధిలో బండి ఆగిన చప్పుడైంది. చక్రధర్ హెల్మెట్ చేత్తోనే పుచ్చుకుని లోపలికి దూసుకొచ్చాడు. ముందు గది చూశాడు. పడగ్గది తలుపు వెనక చూశాడు. స్నానాల గదిలోకి తొంగిచూసి అక్కడ నిలిచిన నీళ్ళు చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"సుభా! ఎవరొచ్చారు? ఎక్కడున్నాడు?"

"ఎవరూ రాలేదండీ."

"రాకపోతే ఇదేమిటి?" ఫోను ఆమె మొహం ముందు పెట్టాడు. తెర మీద ఇలా ఉంది: "ఇంట్లో అపరిచిత వ్యక్తి. వంటిల్లు, స్నానాల గది. జాగ్రత్త." అతను హెల్మెట్ నేల మీద పడేశాడు. "అర్జెంటుగా వస్తుంటే గుండె ఆగిపోయిందనుకో. నిన్నేమైనా చేశారేమోనని..."

అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు చూశాక బ్రోకరు మీదా, అతని మీదా తాను అల్లుకున్నదంతా సుభాషిణి లోపల చప్పుడు లేకుండా విడిపోయింది. కాని ఆమె లేవలేదు.

"కూర్చోండి. తింటారా?"

అతను అప్పుడు చూశాడు. తడి జుట్టు, తడిసిన చీర, నేల మీద తొక్కల కుప్ప, ఆవిరి నిండిన వంటిల్లు. ఎవరూ రాలేదని అర్థమైంది గాని, అర్థమైనకొద్దీ అతని చూపులో ఇంకో రకం అనుమానం చేరింది.

"ఇవి నువ్వు తింటావా?"

"చిన్నప్పటినుంచీ."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"మీకు వాసన పడదు కదండీ."

అతను ఆమె పక్కనే గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఫోను ఒక్కసారి అదిరింది. ఇద్దరూ తొంగి చూశారు. ఇంటి నివాసులలో ఒకరు సరే అంటేనే కొత్త ఆనవాలు నిలుస్తుందట. పెట్టె అతన్నే అడుగుతోంది.

"ఈ వ్యక్తిని మీరెరుగుదురా?"

కింద రెండు మీటలు ఉన్నాయి: ఎరుగుదును, ఎరుగను.

చక్రధర్ బొటనవేలు మొదటి మీట దాకా వెళ్ళింది. బిల్లులు నా పేరున పెట్టేద్దామన్నప్పుడు పట్టని రెప్పపాటు ఇప్పుడు పట్టింది. అతను ఫోను వైపు కాక, ఆమె వైపు చూశాడు. సుభాషిణి ఏమీ సాయం చేయలేదు. ఇంకో కాయ ఒలిచి, పప్పు నోట్లో వేసుకుని, నమిలింది.

అతను నొక్కాడు. తెర మీద ఖాళీ గడి ఒకటి తెరుచుకుంది.

"ఎవరో తెలుపండి."

అతను "భార్య" అని కొట్టడం మొదలుపెట్టాడు.

"పేరు రాయండి" అంది సుభాషిణి.

అతని వేలు ఆగింది. కొట్టింది చెరిపాడు. మళ్ళీ మొదలుపెట్టాడు, ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ. అతను పూర్తిచేసేదాకా ఆగకుండా ఆమె లేచి, ఉప్పంటిన చేతులు కడుక్కోవడానికి వంటింట్లోకి వెళ్ళింది. కుళాయి పూర్తిగా తిప్పింది. గోడలో గొట్టం దడదడలాడింది. అవతలి గదిలోంచి చక్రధర్ "ఆ చప్పుడేమిటే!" అన్నాడు. ఆమె కట్టలేదు.